కెల్లర్‌లో అలకపాన్పు

మా మామగారు మా తోడల్లుణ్ణి తిడతారు. "బుద్ధుందటయ్యా నీకు?" అంటారు. "పాలు స్టవ్ మీద పెట్టి ఫోన్లో ఏం వెలగబెడుతున్నావు?" అంటారు. కౌశల్ పళ్ళికిలిస్తాడు. నన్ను మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారంటే ఒక్కసారి తిట్టలేదు. నా కడుపుమంట అంతా అక్కడే ఉంది.

వినేవాళ్ళకి ఇది వింతగా ఉంటుందని తెలుసు. మామగారు గౌరవిస్తున్నారని ఏడ్చే అల్లుణ్ణి లోకంలో నిన్నొక్కణ్ణే చూశానని నా భార్య స్నిగ్ధ అంటుంది. తనకేం, తననీ తిడతారు కాబట్టి అలాగే అంటుంది. నన్ను చూడగానే మా మామగారు గంగాధరరావు గారు పెద్ద ఆఫీసరెవరో ఇన్‌స్పెక్షన్‌కి దిగినట్టు చొక్కా సర్దుకుని కూర్చుంటారు. "సృజన్ గారూ, టీ తాగారా? సృజన్ గారూ, మీకు వీలైతేనే సుమండీ." ఉద్యోగమంతా రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవర్ని ప్లాట్‌ఫారం మీదికి రానివ్వాలో, ఎవర్ని ఔటర్‌లో నిలబెట్టాలో ఆయనకి బాగా తెలుసు. నన్ను ఔటర్‌లో నిలబెట్టారు.

దీనికంతటికీ మూలం మా పెళ్ళి. నాది జగిత్యాల, స్నిగ్ధది మార్కాపురం. ఇద్దరం ఇంగోల్‌స్టాట్‌లో ఉద్యోగాలు చేస్తూ, ఒక ఉగాది పండగలో పులిహోర లైన్లో పరిచయమయ్యాం. జర్మనీలో పెళ్ళి రిజిస్టర్ చేసుకోవాలంటే వాళ్ళడిగే కాగితాలన్నీ పోగయ్యేసరికి షష్టిపూర్తి వయసొచ్చేస్తుంది. అందుకని ఇక్కడి మనవాళ్ళు చాలామంది చేసినట్టే మేమూ డెన్మార్క్ వెళ్ళి ఒక చిన్న ఊరి టౌన్‌హాల్లో చేసుకున్నాం. కరోనా రోజులు. అటునుంచి ఎవరూ రాలేకపోయారు. అత్తగారు, మరదలు ఈషా ఇంటి నుంచి, మామగారు డ్యూటీ నుంచి వీడియోలో చూశారు. ఆ ఆఫీసరమ్మ నావైపు తిరిగి "ఈ స్నిగ్ధని" అంటూ మొదలెట్టింది. సరిగ్గా నేను "యెస్" అనబోయే ముందు మామగారి బొమ్మ ఆరిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆయనకి ఈ పెళ్ళి ఇష్టం లేదనీ, నా "యెస్" వినలేక ఫోన్ కట్ చేశారనీ నేను ఆ క్షణమే అర్థం చేసుకున్నాను. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. "సృజన్ గారూ" మాత్రం ఆ మర్నాటి నుంచి మొదలైంది.

తలంబ్రాల్లేవని నాకు బెంగలేదు. పట్టుపంచె జారిపోయే గొడవ కూడా తప్పింది. కానీ అలకపాన్పు లేకుండా పోయింది చూడండి, దాన్ని మాత్రం మర్చిపోలేను. ఎందుకంటే రెండేళ్ళ తరవాత ఈషా పెళ్ళి మార్కాపురంలో ఘనంగా చేశారు. కౌశల్ కొత్త పక్క మీద మూతి ముడుచుకుని పడుకున్నాడు. బంధువులంతా చుట్టూ చేరి బతిమాలారు. కారడుగుతాడా, బంగారం అడుగుతాడా అని అందరూ చెవులు రిక్కించారు. వాడు అడిగింది మామగారి చేతి లాంతరు. ఎర్రద్దం, పచ్చద్దం తిరిగే పాత సిగ్నల్ లాంతరు. రిటైరైన రోజు స్టాఫు దాన్ని ఆయనకి బహుమతిగా ఇచ్చారు. మామగారి కళ్ళు చెమర్చాయి. "లే నాయనా, లే, నీదేలే," అని వాణ్ణి కావలించుకున్నారు. ఆడవాళ్ళంతా ఎంత మంచి పిల్లాడో అన్నారు.

నేను అప్పుడు నెయ్యి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ లాంతరు గూట్లో ఉండగా ముందు చూసింది నేను. మనసుపడింది నేను. అడగడానికి నాకు పాన్పే లేకపోయింది.

ఇక నా రైల్వే సంగతి. జర్మనీ రాకముందు నేను స్వీడన్లో ఎమ్మెస్ చేశాను. యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో గది దొరక్క, గంట దూరంలో లిల్లోస్ అనే పల్లెలో ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకున్నాను. ఒకటే పట్టాల లైను. రోజుకి నాలుగైదు బండ్లు. మా స్టేషనంటే ఒక చెక్క బల్ల, ఒక స్తంభం, అంతే. మీట నొక్కితే దీపం వెలుగుతుంది, దీపం చూస్తేనే డ్రైవరు ఆపుతాడు. చలికాలం మూడింటికే చీకటి పడేది. ఆ చీకట్లో తెల్లబెరడు బర్చి చెట్ల మధ్య నుంచి రెండు పెట్టెల డీజిల్ బండి పసుపు దీపాలతో వచ్చేది. ముఖం చుట్టూ నల్లరబ్బరు కట్టుంటుంది దానికి, చూడ్డానికి ముద్దొస్తుంది. చాలాసార్లు నేనొక్కణ్ణే ప్రయాణికుణ్ణి. ఆ ఏడాదంతా నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు కానీ, ఆ బండి నన్ను ఎక్కించుకోకుండా ఒక్కనాడూ పోలేదు.

ఆ లైనునే మా కెల్లర్‌లో కడుతున్నాను. ఇక్కడ ప్రతి ఫ్లాట్‌కీ కింద ఒక కొట్టు గది ఉంటుంది, అందరూ బంగాళాదుంపలూ, పాత సైకిళ్ళూ పెట్టుకుంటారు. నేను స్వీడన్ పెట్టుకున్నాను. ఎర్ర చెక్క ఇళ్ళు, చెరువు, రంపం మిల్లు, బర్చి చెట్లు అన్నీ నా చేతుల్తో చేసినవే. పట్టాలు వేసి రెండేళ్ళయింది. ఇంకా ఒక్క బండీ కొనలేదు.

"మన పెళ్ళికి కూడా ఇంత ఆలోచించలేదు నువ్వు," అంటుంది స్నిగ్ధ.

ఆలోచించక తప్పదు. స్వీడన్ పల్లె లైను కట్టేవాళ్ళంతా కొనే బొమ్మ ఒకటుంది, నారింజరంగు రైలుబస్సు. చూడముచ్చటగా ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ నేనెళ్ళేసరికే దాన్ని ఆ లైన్లో ఆపేశారు. నేనెక్కని బండి నా లైన్లో ఎందుకు తిరగాలి? కలప గూడ్సు ఒకటుంది. అది రోజూ వెళ్ళేది కానీ, దాన్ని నేను పట్టించుకున్నదే లేదు. నాకు కావలసింది ఆ నల్లరబ్బరు ముఖం డీజిల్ బండి. దాని బొమ్మ తయారీ ఎప్పుడో మానేశారు. సెకండ్‌హ్యాండ్‌లో ఎవరైనా అమ్మితేనే దిక్కు. రెండేళ్ళుగా వెతుకుతూ, ఏది వెతుకుతున్నానో స్నిగ్ధకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే కౌశల్ వల్ల.

వాడూ ఈషా కూడా జర్మనీలోనే, హానోవర్‌లో ఉంటారు. పోయిన క్రిస్మస్‌కి వచ్చి మా కెల్లర్ చూశాడు. "అన్నయ్యా, అదిరింది!" అన్నాడు. నెల తిరక్కుండా వాళ్ళ ఫ్లాట్ హాల్లో ఒక బల్ల, ఆ బల్ల మీద మంచు, మంచులో నారింజ రైలుబస్సు. ఫ్యామిలీ గ్రూపులో వీడియో. వెనక గోడకి ఆ లాంతరు. "శభాష్‌రా!" అని మామగారు వాయిస్ మెసేజ్. నా స్వీడన్‌లో పదకొండు నెలలు గడ్డకట్టుకుపోయింది నేను, శభాష్ వాడికి. వాడు స్వీడన్ మొహమే చూడలేదు. ఆ వీడియోకి నేను చప్పట్ల బొమ్మ పెట్టి, ఫోన్ సోఫా మీదికి విసిరేశాను.

ఈ మే నెలలో ఈషాకి ఏడో నెల రాగానే అత్తగారూ మామగారూ హానోవర్ వచ్చారు. అత్తగారు అక్కడే ఉండిపోయారు. మామగారు మా దగ్గర రెండు వారాలు ఉంటానన్నారు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కెల్లర్‌కి సున్నం కొట్టించాను. ఆయన చూసి ఒక్క తప్పు పట్టి ఒక్క తిట్టు తిడితే చాలనుకున్నాను. స్టేషన్ దగ్గరికి వెళ్తే, ఆయన్ని దింపడానికి కౌశల్ కూడా దిగాడు. ఆదివారం సాయంత్రం దాకా ఉంటాడట.

మామగారు కెల్లర్‌లో చేతులు వెనక్కి కట్టుకుని లైనంతా ఒక చివర నుంచి ఇంకో చివరికి నడిచారు. "చాలా బాగుందండీ సృజన్ గారూ," అన్నారు. అంతే. పక్కనే ఉన్న కౌశల్ చెరువు మీద చెయ్యి పెట్టబోతే "ముట్టుకోకు, కోతీ!" అని కసిరారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆదివారం పక్క ఊరి హాల్లో పాత రైలుబొమ్మల సంత ఉంది. బోర్స్ అంటారు. ముసలి జర్మన్లు అట్టపెట్టెలు పరుచుకుని కూర్చుంటారు, ఒక మూల సాసేజులూ కాఫీ. ముగ్గురం వెళ్ళాం. ఐదో బల్లో ఆరో బల్లో గుర్తులేదు కానీ, అక్కడ కనపడింది. నల్లరబ్బరు ముఖం. రెండు పెట్టెలు. ఒక కిటికీ మీద గీత ఉంది తప్ప నిక్షేపంలా ఉంది. చూడనట్టే చూశాను. ఎగబడితే కౌశల్ కళ్ళు పడతాయి.

అప్పుడే మామగారు జేబులోంచి పర్సు తీశారు. "సృజన్ గారూ, ఇంత దూరం వచ్చి మీకేమీ కొనివ్వలేదు. ఈ బల్ల మీద మీకేదన్నా కావాలంటే చెప్పండి, నేను తీసిస్తాను."

తెలుగు పుట్టుక పుట్టినవాడు ఏమంటాడు? నేనూ అదే అన్నాను. "అయ్యో, నాకేం వద్దు మామయ్యా. మీకెందుకు శ్రమ."

మన ఇళ్ళల్లో దానికి అర్థం ఇంకోసారి అడగమని. రెండోసారి అడిగితే "ఊరికే ఎందుకు" అనాలి. మూడోసారికి తీసుకోవాలి. మా అమ్మ దగ్గర కాఫీ గ్లాసు కూడా ఈ పద్ధతిలోనే చేతులు మారేది. కానీ ఈయన స్టేషన్ మాస్టరు. లైన్ క్లియర్ అడిగారు, అవతలి స్టేషన్ లేదంది, అక్కడితో ఆ సంగతి ముగిసింది. "సరేనండి," అని పక్కకి తిరిగారు. "ఏమయ్యా, నీకు?"

"ఇది మావయ్యా! దీని మూతి చూడండి, భలే ఉంది!" అన్నాడు కౌశల్. నల్లరబ్బరు ముఖాన్ని వేలితో నిమురుతున్నాడు.

"అది నాది" అనడానికి నోరు తెరిచాను. బాగుందని మాత్రం అన్నాను. బల్ల వెనక ముసలాయన పాత వార్తాపత్రికలో నా బండిని చుట్టి కౌశల్ చేతిలో పెట్టాడు. వాడు దాన్ని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని, సాయంత్రం బండికి హానోవర్ తీసుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ "అన్నయ్యా, నువ్వూ ఏదో ఒకటి కొనెయ్, ఊరికే ఆలోచిస్తూ కూర్చోకు," అని సలహా కూడా పారేశాడు.

మర్నాడు సోమవారం. సెలవు పెట్టాను. పొద్దున టిఫిన్ వద్దన్నాను. మధ్యాహ్నం స్నిగ్ధ వంకాయ కూర చేస్తే అదీ వద్దన్నాను. కెల్లర్‌లోకి వెళ్ళి, క్యాంపింగ్ మంచం వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. ముప్పై ఏడేళ్ళవాణ్ణి. సిగ్గుగానే ఉంది, కానీ లేవాలని లేదు.

స్నిగ్ధ మెట్లు దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంటిది?"

"ఏం లేదు."

"బొమ్మ రైలు కోసం అన్నం మానేస్తావా?"

"రైలు కోసం కాదు."

మంచాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫక్కుమని నవ్వింది. "ఓరి దేవుడా, నువ్వు అలిగావు," అంది. పైకెళ్ళిపోయింది. ఆ నవ్వు మెట్ల పైదాకా వినపడుతూనే ఉంది.

తరవాత మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆ చప్పుడు ఎవరిదో నాకు తెలుసు. లేచి కూర్చుందామనుకున్నాను, లేవలేదు. గంగాధరరావు గారు పెరుగన్నం గిన్నె ఒక చేత్తో, ప్లాస్టిక్ స్టూలు ఒక చేత్తో తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నారు.

"మీ పెళ్ళిలో ఈ ముచ్చట జరగలేదని అమ్మాయి చెప్పింది. నిజమే, నాకే తట్టి ఉండాల్సింది. అల్లుడుగారు అలిగారు. ఏం కావాలో అడగండి. పెళ్ళికూతురి తండ్రిని, అడగటం నా వంతు, చెప్పటం మీ వంతు. ఆ బండి కావాలా? కౌశల్‌కి ఫోన్ చేసి తెప్పిస్తాను."

ఇన్నేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న. లాంతరు అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. బండి అడగొచ్చు. నోరు తెరిస్తే వచ్చింది ఇంకోటి.

"మీరు ఫోన్ ఎందుకు కట్ చేసిన్రు?" అన్నాను, గోడవైపే చూస్తూ. కోపమొస్తే నాకు జగిత్యాల అదే వచ్చేస్తుంది. "నేను యెస్ అనేటప్పుడే ఎందుకు కట్ చేసిన్రు? నేను నచ్చకపోతే నచ్చలేదని చెప్పాలె. గారూ గారూ అని ఎన్నేండ్లు దూరం పెడ్తరు? వాన్ని కోతీ అంటరు, నన్ను మాత్రం చుట్టంలెక్క చూస్తరు."

స్టూలు కిర్రుమంది. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన నావైపు కాదు, బల్ల మీద స్వీడన్ వైపు చూస్తున్నారు.

"గూడ్సు వచ్చింది," అన్నారు.

"ఏంటి?"

"అడవిలో దిగువమెట్ట స్టేషన్లో డ్యూటీలో ఉన్నా. సెలవడిగితే ఇవ్వలా, నా బదులు రావాల్సినాయనకి కరోనా. ఫోను నీళ్ళ సీసాకి ఆనించి పెట్టుకుని చూస్తన్నా. ఆ దొరసాని నీవైపు తిరిగి అడగటం మొదలెట్టింది. అప్పుడే బొగ్గు గూడ్సు వచ్చింది. ఫోను ఆర్పేసి డ్రాయర్లో పడేసి పచ్చజెండా పట్టుకుని బయటికి పరిగెత్తా. చివరి పెట్టె వెనక బోర్డు కనపడిందాకా స్టేషన్ మాస్టరు కదలకూడదు. అది కనపడితేనే బండి మొత్తం వచ్చినట్టు. అడవిలో ఎక్కుడు దారి, అది నత్తలాగా నడుస్తంది. పెట్టె తర్వాత పెట్టె, పెట్టె తర్వాత పెట్టె. ఇక్కడ నా కూతురి పెళ్ళయిపోతంది, అక్కడ నేను బొగ్గుకి జెండా ఊపుతన్నా. లోపలికొచ్చి చేస్తే ఎవరూ ఎత్తలా. మీది అయిపోయింది."

"తరవాతైనా ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? కన్నకూతురి పెళ్ళి వదిలేసి బొగ్గుబండి చూశానని చెప్పనా? నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొస్తది. తప్పు చేసినోడు గారూ అనక ఇంకేమంటాడు?"

ఆయన కళ్ళద్దాలు తీసి లుంగీ కొసతో తుడుచుకున్నారు. పెరుగన్నం గిన్నె అందుకుని తినడం మొదలెట్టాను. ఆకలి దంచేస్తోంది. ఇన్నాళ్ళూ కౌశల్ మీద పళ్ళు నూరుకున్నది వృథా అని తెలిసిపోయింది. నాకు రావలసిన చూపు కొట్టేసింది వాడు కాదు, ఒక బొగ్గు గూడ్సు. అడవిలో తీరిగ్గా నడుచుకుంటూ పోయి, నా పెళ్ళి చూడాల్సిన మనిషి చేత జెండా ఊపించుకుంది. దానిమీద నాకు ఇప్పుడు ఒళ్ళు తెలియని అసూయ.

"గూడ్సు కావాలి," అన్నాను, అన్నం నముల్తూనే.

"ఏంటండీ?"

"కలప గూడ్సు. ఈ లైన్లో రోజూ పోతుండె. అది కొనియ్యిన్రి. ఆ రెండు పెట్టెల బండి వాడి దగ్గరే ఉండనియ్యిన్రి, నాకొద్దు." నిజంగానే వద్దనిపించింది. మొదటిసారి అడిగినప్పుడే అసలు మాట చెప్పేశాను, అది కూడా నాకు కొత్త.

శనివారం ఇద్దరం మ్యూనిక్ వెళ్ళే రీజినల్ బండెక్కాం. దారిపొడవునా ఆయన కిటికీకి అతుక్కుపోయి ప్రతి స్టేషన్లోనూ సిగ్నళ్ళు చూసుకున్నారు. పెద్ద బొమ్మల దుకాణంలో ఎర్ర డీజిల్ ఇంజనూ, దుంగలు ఎక్కించిన కలప పెట్టెలూ తీసుకున్నాం. ఎన్ని పెట్టెలు కావాలని కొట్లో అమ్మాయి అడిగితే "పొడుగ్గా ఉండాలి," అన్నారు మామగారు తెలుగులోనే, చేతులు చాపి. ఆ అమ్మాయికి అర్థమైంది.

సాయంత్రం కెల్లర్‌లో మొదటి బండి. స్నిగ్ధ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. మామగారు నా బొమ్మ లిల్లోస్ స్టేషన్ పక్కన నిటారుగా నిలబడ్డారు. చేతిలో ఏమీ లేదు, వంటింట్లోంచి పచ్చ తువ్వాలు తెచ్చుకున్నారు. నేను మీట తిప్పాను. ఇంజను రంపం మిల్లు దాటింది. చెరువు పక్కగా వంపు తిరిగింది. దుంగల పెట్టెలు బర్చి చెట్ల మధ్య నుంచి ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆయన తువ్వాలు చాపి పట్టుకున్నారు. కళ్ళు బండి తోక మీదే ఉన్నాయి. స్నిగ్ధ ఏదో అడిగితే చెయ్యెత్తి ఆగమన్నారు. ఆ రోజు ఆయన ఎలా నిలబడి ఉంటారో నాకు మొత్తం కనపడింది.

చివరి పెట్టె వెళ్ళింది. తువ్వాలు దించారు. మొహం ఎర్రబడింది.

"ఏమయ్యా!" అని అరిచారు. కెల్లర్ దద్దరిల్లింది. "బుద్ధుందా నీకు? చదువుకున్నావా, గాడిదలు కాశావా? చివరి పెట్టెకి వెనక దీపమేది? బోర్డేది? బండి మొత్తం వచ్చిందని నేనెట్టా చెప్పేది? సగం బండి అడవిలో తెగి పడుంటే ఎవడు చచ్చేది? ఆపు! ఆపు ముందు! తోక దీపం లేకుండా బండి వదుల్తావా, దున్నపోతా!"

ఆపాను. స్నిగ్ధ నావైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఎందుకంటే నేను ఏడుస్తున్నాను.

"రేపు పెట్టిస్తా మామయ్యా," అన్నాను.

"రేపు కాదు, ఇప్పుడే పెట్టు," అన్నారు ఆయన, స్టూలు లాక్కుంటూ.

ఆ వీడియో మొత్తం, తిట్లతో సహా, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అత్తగారు దండం బొమ్మ పెట్టారు. ఈషా నవ్వుల బొమ్మలు వరసగా పెట్టింది. మా అమ్మ కూడా జగిత్యాల నుంచి ఫోన్ చేసి "గట్లెందుకు తిట్టిండురా నిన్ను?" అని కంగారుపడింది. కౌశల్ కూడా చూసినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి. వాడొక్కడే ఏ బొమ్మా పెట్టలేదు.